మాత్ర వేసే మనిషి వేరు, ముద్ద పెట్టే మనిషి వేరు

మీ 12 ఏళ్ల పిల్లికి మూత్రపిండాల జబ్బు ఉందని తేలిందని, నిన్నటి నుంచి అది తిండి ముట్టడం లేదని, మాత్ర వేసే వేళ మీకూ మీవారికీ మాటామాటా పెరుగుతోందని రాశారు. ముందు తిండి సంగతి చూడాలి. పిల్లి రెండు మూడు రోజులు పస్తుంటే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు కాబట్టి, ఇవాళే డాక్టరుకు చూపించండి. చీపురుపల్లిలో ఉన్న మీకు గరివిడి పశువైద్య కళాశాల దగ్గరే.

మాత్రను ముద్దలో దాచి పెడుతున్నామన్నారు. ఒకసారి చేదు తగిలిందంటే పిల్లి ఆ గిన్నెనే అనుమానిస్తుంది. అందుచేత ముద్ద మీరు పెట్టండి, మందు మీవారు వేరే గదిలో వేయనివ్వండి. పిల్లికి తువ్వాలు చుట్టి, ఒడిలో ముఖం బయటికి ఉండేలా కూర్చోబెట్టుకుని, తల కొద్దిగా ఎత్తి, కింది దవడను వేలితో దించి, మాత్రను నాలుక వెనుక భాగాన వేసి, ఆ తరువాత సిరంజితో చెంప పక్క నుంచి కాసిని నీళ్లు మెల్లగా పట్టాలి.

దానికి ఇష్టమైన ఉప్పుచేప ఇక పనికిరాదు. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా పచ్చి చేపను ఉడికించి, ముళ్లు తీసి, ఆ నీళ్లతోనే గోరువెచ్చగా పెట్టండి. వాసనకు నోరు కదులుతుంది, ఒంటికి నీరూ అందుతుంది. బలవంతంగా మాత్రం కుక్కవద్దు.

ఒళ్లు వేడిగా ఉందని మీవారు వేద్దామంటున్న పారాసిటమాల్ వద్దే వద్దు, చిన్న ముక్కయినా పిల్లిని చంపగలదు. ఆయన విసుగు వెనుక ఉన్నది భయమేనని నాకు అనిపిస్తోంది. డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసే వెళ్లండి.