మోటారు ఆగిన ట్యాంకు గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. తెలిసిన విషయమే రాశావు, అది కనిపిస్తోంది. కానీ ఎయిర్ పంపు ఆగిపోతే చేపల్ని ఎలా కాపాడుకోవాలో చెప్తానని పైన పెట్టి, మొదటి పేజీ అంతా అక్వేరియం ఇంటికి అందం, మనసుకు హాయి, వాస్తుకు మంచిది అంటూ నడిపావు. ఇలాంటి వ్యాసం ఎవరు వెతుక్కుంటారో ఒక్కసారి ఆలోచించు. రాత్రి కరెంటు పోయింది, చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, ఫోన్‌లో చార్జింగ్ అయిపోవస్తోంది. ఆ టెన్షన్‌లో ఉన్నవాడికి వాస్తు ఎందుకు?

మొదటి వాక్యంలోనే అతని చేతికి మగ్గు ఇవ్వు. ట్యాంకులోని నీళ్లే తీసి, జానెడు ఎత్తు నుంచి మళ్లీ అందులోనే పొయ్యమను. నాలుగైదు నిమిషాలు పోసి ఆగాలి, చేపలు మళ్లీ పైకొస్తే మళ్లీ పొయ్యాలి. దానికి ముందు ఒక్క మాట ఉండొచ్చు: హీటరుతో సహా ప్లగ్గులన్నీ తీసెయ్యమని. చెయ్యి నీళ్లలో ఉండగా కరెంటు వస్తే ప్రమాదం. బాత్రూమ్ మగ్గు వద్దని కూడా రాయి, సబ్బు అంటుకుని ఉంటుంది. ఇలాంటి చిన్న సంగతులు చూసే పాఠకుడు నిన్ను నమ్ముతాడు.

కారణం రెండో పేరాలో రావాలి. బుడగల్లోని ఆక్సిజన్ నీళ్లలో కరిగి చేపలకు అందుతుందని రాశావు. అది కొంతవరకే నిజం. బుడగ నీళ్లలో ఉండేది క్షణకాలం. అది చేసే అసలు పని అడుగు నీళ్లను పైకి లాగి ఉపరితలాన్ని కదిలించడం. గాలి ఎక్కువగా కలిసేది అక్కడే. ఇది పాఠకుడికి అర్థమైతే నీ చిట్కాల జాబితాలో సగం అక్కర్లేదు. అద్దం మూత తీసెయ్యాలని అతనికే తోస్తుంది. ఇన్వర్టరు మీద టేబుల్ ఫ్యాను తిరుగుతుంటే నీళ్ల మీదికి తిప్పుకుంటాడు. ట్యాంకు పొడుగ్గా, ఇరుకుగా ఉంటే అవే నీళ్లతో చేపల్ని వెడల్పాటి టబ్బులోకి మారుస్తాడు. ఎయిర్ పంపు ఒక్కటే పోయి ఫిల్టరు పనిచేస్తుంటే, దాని నీళ్లు ఎత్తు నుంచి పడేలా మట్టం కొంచెం తగ్గిస్తాడు. జాబితాకు అందని ఇబ్బంది వచ్చినా కారణం తెలిసినవాడు ఏదో ఒకటి చేసుకోగలడు.

అంకెల గురించి. 25 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్లలో సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇముడుతుంది, 30 దగ్గర ఏడున్నర. ఇది ఒక్కటే ఇచ్చి వదిలేశావు. 'అంతేనా తేడా' అనుకుని పాఠకుడు ముందుకెళ్లిపోతాడు. నీళ్లు వేడెక్కేకొద్దీ చేపకు కావలసిన ఆక్సిజన్ పెరుగుతుందన్న సంగతి దాని పక్కనే పెట్టు. అప్పుడు రోహిణీ కార్తెలో కరెంటు కోత అంటే ఏమిటో తెలుస్తుంది.

భీమవరం వైపు నీకు బంధువులున్నారని రాశావు, మరి రొయ్యల చెరువుల ఊసే లేదేం? ఆక్సిజన్ గురించి అక్కడి రైతుకు తెలిసినంతగా అక్వేరియం షాపువాడికి తెలియదు. రాత్రంతా చెరువులోని నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది కాబట్టి తెల్లవారేముందు డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోతుంది. అందుకే ఆ వేళ నీళ్లను చిలికే ఏరియేటర్లు ఆగకుండా జనరేటరు సిద్ధంగా పెట్టుకుంటారు. మొక్కలున్న ఇంటి ట్యాంకులోనూ ఇదే లెక్క. లైటు లేకపోతే అవీ ఆక్సిజన్ ఇవ్వవు, తీసుకుంటాయి. ఈ పేరా నువ్వు రాస్తే నాకంటే బాగా వస్తుంది.

'చేపలు పైకొస్తే ప్రమాదం' అని ఒకే మాటలో తేల్చకు. ఫైటర్, గౌరామి పైకొచ్చి గాలి మింగడం మామూలే, వాటి శరీరం అలా ఏర్పడింది. గోల్డ్ ఫిష్‌లు గుంపుగా పైన చేరితే మాత్రం కంగారు పడాల్సిందే.

హైడ్రోజన్ పెరాక్సైడ్ వెయ్యమన్న వాక్యం కొట్టేశాను. మోతాదు తప్పితే మొప్పలు దెబ్బతింటాయి. చీకట్లో చేతులు వణుకుతున్నవాడికి చెప్పే వైద్యం కాదది. ఆ స్థలంలో మేత ఆపమని రాయి. ఎదిగిన, ఆరోగ్యంగా ఉన్న చేప రెండు రోజులు తినకపోయినా ఏం కాదు, మిగిలిన మేత కుళ్లితే మాత్రం ఉన్న ఆక్సిజన్ కూడా పోతుంది. కంగారులో మునిసిపల్ కుళాయి నీళ్లు నేరుగా పోసేవాళ్లున్నారు, క్లోరిన్ సంగతి వాళ్లకు చెప్పాలి.

మరమ్మతు భాగం బాగా రాశావు. పంపు మోగుతున్నా గాలి రాకపోతే ముందు పైపు చివర బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ పీకి చూడమన్నావు. ఉత్త పైపులోంచి బుడగలొస్తే స్టోన్ పూడిపోయినట్టు, రాకపోతే పంపు లోపల గాలిని నెట్టే రబ్బరు పొర (డయాఫ్రం) చిరిగి ఉండొచ్చు. అందులో ఒక్క అక్షరం మార్చకు.

రెండు విషయాలు రాయకుండా వదిలేశావు. మూతపెట్టిన డబ్బాలా ట్యాంకు బయట ఉండే క్యానిస్టర్ ఫిల్టరు గంటల తరబడి ఆగితే లోపలి బ్యాక్టీరియా చచ్చి నీళ్లు పాడవుతాయి. కరెంటు రాగానే ఆన్ చేస్తే ఆ మురికంతా ట్యాంకులోకి వస్తుంది. విప్పి, ట్యాంకు నీళ్లతో కడిగాకే పెట్టాలి. రెండోది చెక్ వాల్వ్, గాలిని ఒకే వైపుకు పోనిచ్చి నీళ్లను వెనక్కి రానివ్వనిది. పంపు నీటిమట్టం కంటే కింద ఉంటే, కరెంటు పోయినప్పుడు నీళ్లు పైపులోంచి వెనక్కి పంపులోకి దిగుతాయి. వాల్వ్‌ను ఏ వైపు తిప్పి పెట్టాలో కూడా వివరంగా రాసి, ఆదివారంలోగా పంపించు.

మీ అన్నయ్య