తిన్నకర రాత్రి గురించి ఒక యువ రచయిత్రికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది, నిదానంగా చదివాను. లక్షద్వీపాల్లో తిన్నకర అనే చిన్న దీవిలో మీ బృందమంతా గుడారాలు వేసుకుని గడిపిన రాత్రి గురించి రాశానన్నావు. కానీ అందులో రాత్రి లేదమ్మా. సాయంత్రం ఉంది, పాటలున్నాయి, నిప్పుల మీద కాల్చిన ట్యూనా చేప ఉంది. ఆ వెంటనే తెల్లవారిపోయింది. ‘అలసిపోయి నిద్రపోయాం’ అన్న ఒక్క వాక్యంతో చీకటినంతా దాటేశావు. ఇల్లు, దీపం, తలుపు లేని చోట పడుకున్న మనిషికి ఆ చీకటిలోనే చెప్పడానికి ఎంతో ఉంటుంది.

ముందు ఒక చిన్న సంగతి. ఆరున్నర కాకముందే సూర్యుడు సముద్రంలోంచి లేచాడని రాశావు. ఫిబ్రవరిలో అది మీ కాకినాడ ఉదయం. తిన్నకర కాకినాడకు సుమారు పది డిగ్రీలు పడమరన ఉంది, గడియారం మాత్రం ఇద్దరికీ ఒకటే. అక్కడ పొద్దు పొడిచేసరికి ఏడు కావస్తుంది. నువ్వు తెల్లవారుజామును చూడలేదని నేననను. రాసేటప్పుడు చూసినదాన్ని పక్కన పెట్టి, అలవాటైన ఉదయాన్ని తెచ్చి పెట్టావు. ఈ ఒక్క తేడాతో చదివేవాడికి మిగతా పేజీల మీద కూడా నమ్మకం సడలుతుంది.

వ్యాసంతోపాటు పంపిన ఉత్తరంలో ఒక మాట అన్నావు: అర్ధరాత్రి మెలకువ వచ్చిందని, నీళ్ల చప్పుడు గుడారం పక్కనే వినబడి భయమేసిందని, పక్క గుడారంలో ఇంకో అమ్మాయి కూడా లేచి కూర్చుని ఉందని. ఇది వ్యాసంలో ఎందుకు లేదు? భయపడ్డానని చెప్పుకోవడానికి మొహమాటపడ్డావా? నాకు నీ వ్యాసం కంటే ఆ నాలుగు వాక్యాలే నచ్చాయి.

ఆ భయాన్ని పట్టుకో. అక్కడ ఆటుపోట్ల తేడా మరీ ఎక్కువేమీ కాదు, మీటరు అటూ ఇటూ. కానీ వాలు తక్కువగా ఉన్న ఇసుకలో ఆ మీటరు నీరే చాలా దూరం నడిచి వస్తుంది. పౌర్ణమికీ అమావాస్యకీ ఇంకొంచెం పైకి వస్తుంది. పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, ప్రతిరోజూ ముందు రోజుకంటే సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా. పగటిపూట మీరు బంతి ఆడుకున్న చోటు రాత్రి ఎవరిదో ఇప్పుడు చెప్పు. గుడారాలు ఇంకాస్త పైకి వేసుకోమని పడవ నడిపిన పెద్దాయన అన్నాడని, మీరంతా నవ్వారని రాశావు. అంతటితో ఆయన్ని వదిలేశావు. నీ కథకు ఇరుసు ఆ మనిషే. ఆయన ఆ మాట ఎందుకన్నాడో కనుక్కోవడానికి వ్యాసంలో ఇంకో పేజీ ఖర్చు పెట్టినా నేను అభ్యంతరం చెప్పను.

నువ్వు పడుకున్న ఇసుక ఏమిటో కూడా తెలుసుకో. అది కొండరాయి అరిగి ఏటిలో కొట్టుకొచ్చిన ఇసుక కాదు. పగడాలూ గవ్వలూ విరిగి, నలిగి పేరుకున్నది. చిలక ముక్కులాంటి నోరున్న చేపలు పగడపు రాతిని కొరికి, నమిలి, పొడిగా విసర్జిస్తాయి. అందులో కొంత భాగం అదీ. చుట్టూ ఉన్న పగడపు దిబ్బ మీద కెరటాలు విరిగిపోతాయి కాబట్టే లోపలి మడుగు అంత నిమ్మళంగా ఉంటుంది. రాత్రి దూరం నుంచి ఎడతెగకుండా వినిపించే హోరు ఆ దిబ్బదే. నువ్వు ‘నిశ్శబ్దం’ అని రాశావు. ఆ హోరును విన్నావో లేదో ఒకసారి గుర్తు చేసుకో.

అదే పగడపు వలయంలో, తిన్నకరకూ బంగారం దీవికీ పొరుగున, పరళి-1 అనే చిట్టి దీవి ఉండేది. 1968లో దాని విస్తీర్ణం 0.032 చదరపు కిలోమీటర్లు, అంటే సుమారు ఎనిమిది ఎకరాలు. సముద్రం కోసుకుంటూ పోగా అది పూర్తిగా కనుమరుగైందని 2017లో పరిశోధకులు తేల్చారు. తిన్నకర తీరం కూడా కోతకు గురవుతోంది. పెద్దాయన మాటను ఈ సంగతి పక్కన పెట్టి చదువు. ఆ రాత్రి నీకు కలిగిన భయం పిరికితనంలా కనిపిస్తుందా?

ఇవన్నీ పాఠంలా అప్పగించమని అనడం లేదు. తెలిసి రాస్తే సరిపోతుంది, చాలావరకు కాగితం మీదికి రానక్కర్లేదు.

ఇంకొకటి, నీ ‘మేము’. మేము ఈదాం, మేము వండుకున్నాం, మేము నవ్వాం. పగలు గుంపుకు ఆ మాట సరిపోతుంది. చీకటి పడ్డాక గుంపు విడిపోతుంది: ఒకరు ఉక్కపోత భరించలేక చాప బయట వేసుకుంటారు, ఒకరు గురక పెడతారు, ఒకరు ఇంటి గురించి దిగులుపడతారు. నీ బృందంలో ఎవరు ఏం చేశారో నాకు తెలియాలి. ‘అద్భుతం’, ‘స్వర్గం’ అన్న మాటలు తీసేయ్, వాటి చోటు ఈ మనుషులకివ్వు.

తిరగరాసే ముందు, ఆ రాత్రి నీలాగే మేలుకుని కూర్చున్న అమ్మాయికి ఫోను చెయ్యి. తను ఏం విన్నదో, నీళ్లు నిజంగా ఎంత దగ్గరికి వచ్చాయో అడుగు. మీ ఇద్దరి జ్ఞాపకాలూ పొసగకపోతే రెండూ రాసి పంపు.