కాయ కొరికిందెవరో ముందు తేల్చుకో

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

జామకాయలన్నీ పిట్టల పాలవుతున్నాయి, వల కొనాలా, దిష్టిబొమ్మ పెట్టాలా అని అడిగావు. ముందు దొంగ ఎవరో తేలనీ. నువ్వు పంపిన మొదటి ఫోటోలో కాయ మీద సన్నటి గాట్లు జంటగా, పక్కపక్కనే ఉన్నాయి. అది ఉడుత పళ్ళ గుర్తు. దారం వల వేస్తే కొరికి మరీ దూరుతుంది. దానికి ఇనుప జాలీయే కావాలి.

రెండో ఫోటోలోది మాత్రం పిట్టే. ముక్కుతో పొడిచిన చోట తొక్క చిరిగి, లోపల గుజ్జు గుంటలా తవ్వి ఉంది చూడు. పికిలిపిట్ట, గోరువంక ఇలా పండినవాటినే ఎంచుకుని తింటాయి. చిలుక పచ్చికాయలనూ వదలదు. ఒకటి కాస్త కొరికి పారేసి ఇంకోదాని మీద పడుతుంది, తినేదానికంటే పాడుచేసేదే ఎక్కువ. దాని అందం మీద నాకు మోజు పోయి చాలా కాలమైంది! తెల్లవారేసరికి చెట్టు కింద నమిలి ఉమ్మిన పిప్పి ఉండలు కనిపిస్తే గబ్బిలం వచ్చినట్టు. సూదిమొనంత రంధ్రం ఉండి, కోస్తే లోపల పురుగులు కనిపిస్తే అది పండుఈగ.

ఇంకా అనుమానం ఉంటే తెల్లవారగానే ఒకసారి, పొద్దువాలే వేళ ఒకసారి చెట్టుకు దూరంగా కూర్చుని చూడు. పిట్టలు మేతకు దిగేది ఎక్కువగా ఆ రెండు పూటలే.

దిష్టిబొమ్మ, మెరిసే రిబ్బన్లు, పాత సీడీలు నాలుగు రోజుల ముచ్చటే. కాయ రంగు తిరిగే వేళకు కట్టి, తరచూ చోటు మారుస్తుంటే కొంత పనిచేస్తాయి. ఒకేచోట వదిలేస్తే కాకి వచ్చి ఆ బొమ్మ నెత్తినే వాలుతుంది.

నీ చెట్టు చిన్నది కనుక వలే మేలు. పిందె కట్టాకే వెయ్యి. పూత మీద వేస్తే తేనెటీగలు రాలేవు, కాపు దెబ్బతింటుంది. కంతల్లో నీ చిటికెన వేలు దూరితే ఆ వల వద్దు, పిట్టల కాళ్ళు, పాముల తలలు చిక్కుకుంటాయి. సన్న కంతల తెల్ల వల తీసుకో. నేరుగా కొమ్మల మీద పరిచావంటే వలకు ఆనిన కాయను బయటి నుంచే పొడుస్తాయి. అందుకని నాలుగు కర్రలు పాతి, వాటి మీద బిగించి కట్టి, అంచుల మీద రాళ్ళు పెట్టు. ఉదయం, సాయంత్రం చుట్టూ తిరిగి చూడు. ఏదైనా పిట్ట చిక్కుకుంటే మీద తువ్వాలు కప్పి పట్టుకుని, దారాలు కత్తిరించి వదిలేయ్. లాగావంటే రెక్క విరుగుతుంది.

వల అందని కొమ్మలకు, కాయ నిమ్మకాయంత అయ్యాక గుడ్డ సంచి తొడిగి కాడ దగ్గర కట్టు. పండుఈగ నుంచీ కాపాడుతుంది. ప్లాస్టిక్ కవర్లయితే చెమ్మ పట్టి కాయ కుళ్ళుతుంది. జామ, సపోటా, మామిడి కోశాక కూడా పండుతాయి కనుక కాయ ముదిరి రంగు తిరగగానే కోసి ఇంట్లో పెట్టు. దానిమ్మ, ద్రాక్ష చెట్టు మీదే పండాలి, కాపలా వాటికే ఎక్కువ కావాలి.

విషం, జిగురు మాట ఎవరైనా ఎత్తితే వినకు. గోరువంకలు తమ పిల్లలకు మేపేది ఎక్కువగా నీ తోటలోని పురుగులనే.

వల కొనేముందు చెట్టు ఎత్తు, కొమ్మల విస్తీర్ణం కొలిచి రాయి. ఎంత వల పడుతుందో లెక్కగట్టి చెబుతాను.

మీ మామయ్య