ల్యాప్‌టాప్‌లో ఫొటోషాప్ మొరాయిస్తుంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: 12×36 కరిజ్మా (పెళ్లి ఫొటోల) ఆల్బమ్ షీట్లు చేస్తున్నానండి. మూడు నాలుగు షీట్లు తెరిచేసరికి ఫొటోషాప్ కదలదు. ఒక్కోసారి స్క్రాచ్ డిస్కులు నిండిపోయాయని చెప్పి ఆగిపోతుంది. 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. పెళ్లిళ్ల సీజన్ నెత్తి మీదకొచ్చింది. కొత్త ల్యాప్‌టాప్ కొనాలా, ఏటి చెయ్యమంటారు?
– ఒక స్టూడియో యజమాని, నరసన్నపేట

జవాబు: కొనే ముందు ఈ లెక్క చూడండి. 12×36 అంగుళాల షీటు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 3,600×10,800 పిక్సెళ్లు. 8 బిట్ ఆర్‌జీబీలో నిండుగా ఉన్న ఒక్క లేయరే (పొర) సుమారు 111 ఎంబీ, 16 బిట్ అయితే దానికి రెట్టింపు. 24 మెగాపిక్సెల్ ఫొటోని స్మార్ట్ ఆబ్జెక్టుగా వేస్తే, షీటు మీద అది అరచేయంతే కనిపించినా, లోపల దాదాపు 69 ఎంబీల పూర్తి ఫొటో అలాగే ఉంటుంది. అలాంటివి పది, పైన టెంప్లేట్ లేయర్లు, నాలుగు షీట్లు ఒకేసారి తెరిచి ఉంటే 8 జీబీ ఏ మూలకూ చాలదు. అందులో విండోస్, బ్రౌజర్ వాటా ముందే పోయింది.

ర్యామ్ చాలనప్పుడు ఫొటోషాప్ డిస్కు మీద తాత్కాలికంగా జాగా తీసుకుంటుంది. అదే స్క్రాచ్ డిస్క్. తిరిగే హార్డ్ డిస్క్ మీద ఈ పని చాలా నెమ్మది. మీ కేసు ఇదో కాదో తేల్చుకోవడానికి కిటికీ అడుగున ఎడమవైపు ఫైలు సైజు కనిపించే చోట ఉన్న బాణం నొక్కి ‘ఎఫిషియెన్సీ’ ఎంచుకోండి. 100 శాతం ఉంటే ర్యామ్‌తోనే పని నడుస్తోంది. అంతకంటే తగ్గితే డిస్కు వాడుతోందన్నమాట.

పైసా ఖర్చు లేకుండా ముందు చేయాల్సినవి ఇవి. ఒక్కసారి ఒక్క షీటే తెరవండి. ఫొటో కొలత ఖాయమయ్యాక ఆ స్మార్ట్ ఆబ్జెక్టుని రాస్టరైజ్ చేయండి, అంటే మామూలు లేయర్‌గా మార్చండి. ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి హిస్టరీ స్టేట్స్ (ఎన్ని మెట్లు వెనక్కి వెళ్లొచ్చో ఆ లెక్క) 50 నుంచి 20కి దించండి. మెమరీ వాటాని మాత్రం 70 శాతం దగ్గరే ఉంచండి. 8 జీబీ మిషన్‌లో దాన్ని 90కి లాగితే విండోస్‌కి ఊపిరాడదు, రెండూ కలిసి కూలబడతాయి. పని మధ్యలో ఎడిట్, పర్జ్, ఆల్ నొక్కితే కొంత ర్యామ్ ఖాళీ అవుతుంది కానీ వెనక్కి తీసుకోవడానికి దాచిన హిస్టరీ పోతుంది, చూసుకుని చేయండి.

స్క్రాచ్ నిండిందనే మాటకి ఇంకో కారణం చాలామందికి తోచదు. కరెంటు పోయి ల్యాప్‌టాప్ ఆగిపోయినా, ఫొటోషాప్ మధ్యలో మూసుకుపోయినా, ‘ఫొటోషాప్ టెంప్’ అనే పేరుతో మొదలయ్యే పెద్ద పెద్ద ఫైళ్లు డిస్కులో మిగిలిపోతాయి. ఫొటోషాప్ పూర్తిగా మూసేసి, విండోస్ టెంప్ ఫోల్డర్‌లోనూ, స్క్రాచ్‌గా పెట్టిన డ్రైవ్ పైభాగంలోనూ వెతికి తీసేయండి. ఫొటోషాప్ అసలు తెరుచుకోకపోతే, తెరిచేటప్పుడే కంట్రోల్, ఆల్ట్ రెండూ పట్టుకోండి. స్క్రాచ్ డ్రైవ్ మార్చుకునే కిటికీ వస్తుంది. కానీ ఒకే హార్డ్ డిస్కుని సీ, డీ అని విభజించి ఉంటే, స్క్రాచ్‌ని డీకి మార్చడం వల్ల చోటు దొరుకుతుందే తప్ప వేగం పెరగదు. డిస్కు ఒకటే కదా. పెన్‌డ్రైవ్‌ని స్క్రాచ్‌గా అసలు పెట్టకండి.

ఖర్చు పెట్టగలిగితే ముందు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు), తర్వాత ఇంకో 8 జీబీ ర్యామ్. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ చూస్తే ఎన్ని స్లాట్లు (ర్యామ్ పెట్టే గాళ్లు) వాడుకలో ఉన్నాయో చూపిస్తుంది. కొన్ని మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, అదీ స్లాటు లెక్కలోకే వస్తుంది. కాబట్టి కింది మూత విప్పించి, ర్యామ్ రకం డీడీఆర్4నో డీడీఆర్5నో చూసుకున్నాకే కొనండి.

ప్రశ్న: సిరిమానోత్సవం రోజున తీసిన రా ఫైళ్లు (కెమెరా ఇచ్చే పచ్చి ఫొటోలు) ఫొటోలు సరిదిద్దే లైట్‌రూమ్ క్లాసిక్‌లో వేశాను. ఒక్కో ఫొటో తెరుచుకోవడానికే చాలాసేపు పడుతోంది. ఫొటోలూ కేటలాగూ బయటి హార్డ్ డిస్కులోనే ఉన్నాయి.
– ఫొటోగ్రాఫర్, విజయనగరం

జవాబు: ఫొటోలు బయటి డిస్కులో ఉండొచ్చు. కేటలాగు, అంటే మీ ఫొటోల వివరాలూ మార్పులూ రాసి ఉంచే ఫైలు, ఉండకూడదు. మీరు స్లైడర్ జరిపిన ప్రతిసారీ లైట్‌రూమ్ ఆ కేటలాగులో రాస్తుంది, ప్రివ్యూలు కూడా దాని పక్కనే పెరుగుతాయి. లైట్‌రూమ్ మూసి, కేటలాగు ఫోల్డర్ మొత్తాన్ని ల్యాప్‌టాప్ లోపలి ఎస్‌ఎస్‌డీలోకి కాపీ చేసి, అక్కడి కేటలాగు మీద రెండుసార్లు నొక్కి తెరవండి. పాతదాన్ని కొన్నాళ్లు అలాగే ఉంచండి.

తర్వాత అన్ని ఫొటోలూ ఎంచుకుని లైబ్రరీ మెనూలో ప్రివ్యూస్ కింద స్మార్ట్ ప్రివ్యూలు తయారు చేయించండి. అవి పొడవు వైపు 2,560 పిక్సెళ్లుండే తేలిక నకళ్లు. రాత్రి పెట్టి వదిలేస్తే తెల్లారేసరికి పని పూర్తవుతుంది. ప్రిఫరెన్సెస్, పెర్ఫార్మెన్స్‌లో ఎడిటింగ్‌కి ఒరిజినల్స్ బదులు స్మార్ట్ ప్రివ్యూలు వాడమనే గడిలో టిక్కు పెట్టండి. రంగు, వెలుగు సరిచేసుకోవడానికి ఇవి చక్కగా సరిపోతాయి. షార్ప్‌నెస్, నాయిస్ మాత్రం టిక్కు తీసి అసలు ఫైలు మీదే చూడాలి. అక్కడే కెమెరా రా క్యాష్ (ఫొటోలు త్వరగా తెరవడానికి డిస్కులో దాచుకునే తాత్కాలిక జాగా) పరిమితిని 20 జీబీకి పెంచండి. అప్పుడప్పుడూ ఫైల్ మెనూలో కేటలాగుని ఆప్టిమైజ్ చేస్తుండండి.

ప్రశ్న: విండోస్ అప్‌డేట్ అయ్యాక ఫొటోషాప్‌లో బొమ్మ నల్లగా కనిపిస్తోంది, బ్రష్ చెయ్యి కంటే వెనక పడుతోంది. తీసేసి మళ్లీ వేసినా అంతే.
– డిజైనర్, బొబ్బిలి

జవాబు: మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం ఇక్కడ వృథా. ప్రిఫరెన్సెస్, పెర్ఫార్మెన్స్‌లో ‘యూజ్ గ్రాఫిక్స్ ప్రాసెసర్’ టిక్కు తీసి, ఫొటోషాప్ మూసి తెరవండి. బొమ్మ సరిగ్గా వస్తే తప్పు గ్రాఫిక్స్ డ్రైవర్‌ది. టిక్కు తీసేసి అలాగే వాడుకోవద్దు, కొన్ని ఫిల్టర్లు పనిచేయవు. డ్రైవర్‌ని ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి గానీ, చిప్ కంపెనీ సైటు నుంచి గానీ తెచ్చి వేయండి. ఎన్‌విడియా అయితే గేమ్ డ్రైవర్ కాక స్టూడియో డ్రైవర్ ఎంచుకోండి. ఆ తర్వాత విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌కి వెళ్లి ఫొటోషాప్‌కి ‘హై పెర్ఫార్మెన్స్’ ఇవ్వండి. లేకపోతే రెండు గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లో అది చిన్నదాని మీదే నడిచే అవకాశం ఉంది.

అప్పటికీ తీరకపోతే ఫొటోషాప్ తెరిచేటప్పుడు కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ పట్టుకుని సెట్టింగులు చెరిపేయండి. దానికి ముందు మీ యాక్షన్లు (ఒక్క నొక్కుతో నడిచేలా దాచుకున్న పనుల వరుసలు), బ్రష్‌లు ఫైళ్లుగా సేవ్ చేసుకోవడం మాత్రం మరిచిపోవద్దు. ఇంకొకటి, అందరికీ: క్రాక్ చేసిన కాపీ వాడేవారు డ్రైవర్ల మీద అనుమానపడే ముందు వైరస్ స్కాన్ చేయించాలి. ఏ పనీ చేయని వేళ కూడా టాస్క్ మేనేజర్‌లో సీపీయూ నిండుగా కనిపిస్తుంటే, మీకు తెలియనిదేదో లోపల నడుస్తోంది. కొనే స్తోమత లేనివారికి జింప్, క్రిటా, డార్క్‌టేబుల్ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితం, చట్టబద్ధం.

ప్రశ్న: శుభలేఖ డిజైన్‌లో యూనికోడ్ తెలుగు పేస్ట్ చేస్తే ఒత్తులు విడిపోతున్నాయి. ఫాంట్ల జాబితా తెరిస్తే ఫొటోషాప్ ఆగిపోతోంది.
– డీటీపీ సెంటర్, రాజాం

జవాబు: ఫాంటు తప్పు కాదు. ప్రిఫరెన్సెస్, టైప్‌లో టెక్స్ట్ ఇంజన్ దక్షిణాసియా భాషలకి మార్చి (కొన్ని వెర్షన్లలో ‘వరల్డ్ రెడీ లేఅవుట్’ అని ఉంటుంది), ఫొటోషాప్ మూసి తెరవండి. పాత టెక్స్ట్ లేయర్‌కి పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ లేఅవుట్ విడిగా ఇవ్వాలి. జాబితా సంగతికొస్తే, వాడని ఫాంట్లు వందల కొద్దీ తీసేయండి. టైప్ మెనూలో ఫాంట్ ప్రివ్యూ సైజ్ ‘నన్’ పెట్టినా తేడా కనిపిస్తుంది.

ప్రశ్న: మొదటి అరగంట బాగానే ఉంటుంది. తర్వాత ఫ్యాన్ హోరు, ఎక్స్‌పోర్ట్ (పూర్తయిన ఫొటోలు ఫైళ్లుగా బయటికి తీయడం) నత్తనడక. స్టూడియో సముద్రం పక్కనే.
– సోంపేట మండలం నుంచి

జవాబు: ఇది వేడి. చిప్ తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ వేగం చూస్తూ ఎక్స్‌పోర్ట్ పెట్టండి. పనిలో ఉండగానే అది బేస్ స్పీడ్ కంటే బాగా దిగువకి పడితే అనుమానం అక్కర్లేదు. ఫ్యాను ముందున్న రెక్కల మధ్య దుమ్ము అట్టకడుతుంది, ఉప్పు గాలికి చెమ్మ కూడా తోడవుతుంది. మూత విప్పించి శుభ్రం చేయించి, చిప్ వేడిని బయటికి లాగే థర్మల్ పేస్టు కొత్తది వేయించండి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను తిరగకుండా వేలితో ఆపి ఉంచమనండి. పరుపు మీద పెట్టి పని చేయొద్దు. చార్జర్ అసలు వాటేజీదేనా అన్నదీ చూసుకోండి, తక్కువ వాట్లది తగిలిస్తే వేడి లేకపోయినా వేగం పడిపోతుంది. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు కనిపిస్తే బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. ఆ క్షణమే ఆపి సర్వీసుకి ఇవ్వండి.