కళ్లు వాచిన కుందేలు: మిక్సొమటోసిస్‌పై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా ఇంట్లో రెండు కుందేళ్లున్నాయి. వాటిలో ఐదేళ్ల మగకుందేలుకు వారం క్రితం కనురెప్పలు ఎర్రబడి వాచాయి. ఇప్పుడు చెవుల మొదళ్లలోనూ ముక్కు మీదా గడ్డలు లేచాయి, కళ్ల నుంచి చిక్కగా పుసి కారుతోంది. పశువైద్యురాలు చూసి ఇది మిక్సొమటోసిస్ అన్నారు. కిందటి ఏడాది టీకా వేయించాం కానీ ఈ ఏడాది ఆలస్యమైంది. శ్రద్ధగా చూసుకోగలమంటే ప్రయత్నిద్దామని, లేదంటే కారుణ్య మరణమే మంచిదని ఆమె చెప్పారు. నోటి దగ్గర పెడితే కొద్దిగా తింటోంది. మేం ఏ నిర్ణయం తీసుకోవాలి? ఇంట్లో చూసుకోవాలంటే ఏమేం చేయాలి?

జవాబు: మీ వైద్యురాలు రెండు దారులనూ దాచకుండా మీ ముందుంచడం సబబైన పని. ఈ జబ్బు తెచ్చే వైరస్‌ను చంపే మందు ఇప్పటికీ లేదు. మశూచి వైరస్ కుటుంబానికే చెందిన మిక్సొమా వైరస్, తనకు అలవాటైన దక్షిణ అమెరికా అడవి కుందేళ్లలో ఒక చిన్న గడ్డను లేపి అంతటితో ఊరుకుంటుంది. మనం పెంచుకునే ఐరోపా జాతి కుందేలుకు సోకితే మాత్రం చర్మమంతా పాకి, రోగనిరోధక శక్తిని దెబ్బతీసి, ఊపిరితిత్తులలోకి బాక్టీరియా చేరడానికి దారి తీస్తుంది. 1950లో ఆస్ట్రేలియాలో కుందేళ్ల సంఖ్యను తగ్గించడానికి ఈ వైరస్‌ను కావాలనే వదిలినప్పుడు, మొదట్లో అది సోకిన కుందేళ్లు నూటికి 99కి పైగా చనిపోయాయి. టీకా పడని పెంపుడు కుందేలుకు ఈ జబ్బు తీవ్రంగా వచ్చినప్పుడు, చాలామంది వైద్యులు మొదటి రోజునే కారుణ్య మరణాన్ని సూచించేది అందుకే. నేనూ అదే చెబుతాను.

మీ కుందేలు పరిస్థితి వేరు. గడువు కొంత దాటినా, టీకా పడిన ఒంట్లో ఎంతో కొంత రక్షణ మిగిలి ఉంటుంది. అలాంటి కుందేళ్లలో జబ్బు తరచుగా గడ్డల వరకే ఆగి, ఆహారం పూర్తిగా మానకుండానే నెమ్మదిగా తగ్గుముఖం పడుతుంది. వారం గడిచినా అది ఇంకా తింటోందన్నది మీ ఉత్తరంలో నాకు ఆశ కలిగించిన విషయం. కాబట్టి ప్రయత్నించండి. అయితే ఎక్కడ ఆగాలో కూడా ఇప్పుడే, మనసు స్థిమితంగా ఉన్నప్పుడే, వైద్యురాలితో మాట్లాడి నిర్ణయించుకోండి. సిరంజితో పెట్టినా మింగలేకపోవడం, తల పైకెత్తి నోరు తెరిచి ఊపిరి తీయడం, జననాంగాల వాపు వల్ల మూత్రం రాకపోవడం, నొప్పి మందు వేసినా మూలకు ముడుచుకుని పళ్లు కొరుకుతూ ఉండటం కనిపిస్తే, ఇక కొనసాగించడం దాని కోసం కాదు, మన కోసమే అవుతుంది.

ఇక సేవ సంగతి. అన్నిటికన్నా ముందు చూడవలసింది పొట్టను. కుందేలు పేగులు ఆగకుండా కదులుతూ ఉండాలి. 12 గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా అది అత్యవసర పరిస్థితే. ఈ జబ్బులో చనిపోయే కుందేళ్లలో కొన్నిటిని నిజానికి వైరస్ కన్నా ముందు ఆకలే తీసుకుపోతుంది, ఎందుకంటే ముక్కు మూసుకుపోయిన కుందేలుకు వాసన తెలియదు, వాసన తెలియని మేతను అది ముట్టదు. ఎండుగడ్డి, ఘాటైన వాసన ఉన్న తాజా ఆకుకూరలు ఎప్పుడూ మూతికి అందేంత దగ్గరలో ఉంచండి. అవి చాలకపోతే, జబ్బు కుందేళ్ల కోసం తయారుచేసే పీచు పొడిని గానీ, అది దొరకకపోతే రోజూ వేసే గుళికల మేతనే గోరువెచ్చని నీటిలో నానబెట్టి మెత్తగా చేసి గానీ సిరంజితో పెట్టాలి. రోజు మొత్తానికి కిలో బరువుకు సుమారు 50 మిల్లీలీటర్లు, అంటే రెండు కిలోల కుందేలుకు 100 మిల్లీలీటర్లు, నాలుగు నుంచి ఆరు విడతలుగా పెట్టాలని లెక్క; అది స్వయంగా ఎంత తింటే అంత తగ్గించుకోవచ్చు.

పెట్టే పద్ధతి ఇంకా ముఖ్యం. కుందేలును వెల్లకిలా పడుకోబెట్టకండి. తువ్వాలు చుట్టి, నాలుగు కాళ్ల మీద కూర్చున్నట్టే ఉంచి, ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య ఉండే ఖాళీలోంచి సిరంజిని పక్కవాటుగా పెట్టి, ఒక్కొక్క మిల్లీలీటరు చొప్పున వదులుతూ, అది నమిలి మింగేదాకా ఆగాలి. తొందరపడితే మేత ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పెట్టబోయే ముందు ప్రతిసారీ ముక్కును శుభ్రం చేయండి, ఎందుకంటే కుందేలు ముక్కుతోనే ఊపిరి పీలుస్తుంది. ముక్కు బిగుసుకున్నప్పుడు నోట్లో మేత పెడితే దానికి ఊపిరాడదు. పొట్ట బిగిసి ఉబ్బినట్టుంటే సిరంజి పక్కన పెట్టి వెంటనే వైద్యురాలికి ఫోన్ చేయండి. నీళ్లు సరిగ్గా తాగకపోతే చర్మం కింద సెలైన్ ఎక్కించడం ఆమె మీకు నేర్పగలరు, అది కష్టమైన పని కాదు.

కళ్ల కోసం ఉప్పునీటి సెలైన్‌లో గానీ, మరిగించి చల్లార్చిన నీటిలో గానీ దూదిని తడిపి, ఎండిన పుసి నానేదాకా ఒక నిమిషం ఆనించి ఉంచి, ఆ తర్వాతే తుడవండి. ఒక కంటికి వాడిన దూదిని రెండో కంటికి వాడకండి. ఎండిన చెక్కును లాగి పీకితే రెప్ప చర్మం చిరుగుతుంది. వైద్యురాలు రాసిన చుక్కలు తప్ప ఇంట్లో ఉన్న స్టెరాయిడ్ కంటి చుక్కలు వేయకూడదు. గడ్డలను పిండకండి, వాటిపై పసర్లు, పొడులు రాయకండి. అవి ఎండి చెక్కు కట్టి, కొన్ని వారాలకు వాటంతటవే రాలిపోతాయి. ఆ చోట మచ్చ మిగలవచ్చు, వెంట్రుకలు మళ్లీ రాకపోవచ్చు.

రెప్పలు పూర్తిగా మూసుకుపోయిన రోజుల్లో మీ కుందేలు గుడ్డిదే అనుకుని మెలగండి. నీళ్ల గిన్నె, మేత, పెంటికలు వేసే పళ్లెం ఎక్కడున్నవి అక్కడే ఉండాలి. తాకే ముందు మాట్లాడండి.

వెచ్చదనం ఈ జబ్బులో నిజంగా మందులా పనిచేస్తుంది. చలిలో ఉంచిన కుందేళ్లకు ఈ జబ్బు ముదురుతుందని, వెచ్చని చోట ఉన్నవి ఎక్కువగా బతుకుతాయని 1950ల నుంచీ జరిగిన ప్రయోగాలు చూపించాయి. గది 21 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంటే చాలు. కుందేలుకు చెమట పట్టదు కాబట్టి అంతకు మించి ఉడికించడం ప్రమాదం. దాని సహజ శరీర ఉష్ణోగ్రత 38.5 నుంచి 40 డిగ్రీల వరకు ఉంటుంది. జ్వరం కన్నా భయపడవలసింది 38 కిందికి పడిపోవడానికి. అప్పుడు ముందు ఒంటిని వెచ్చబరచి, ఆ తర్వాతే మేత పెట్టాలి. చెవులు చల్లగా తగిలితే అదొక హెచ్చరిక.

నొప్పి మందును మాత్రం అడిగి తీసుకోండి. కుందేలు అరవదు, మూలగదు, అందువల్ల నొప్పి లేదనుకుంటాం. వైద్యురాలు సాధారణంగా మెలాక్సికామ్ రాస్తారు. నొప్పి తగ్గిన కుందేలు తిండి వైపు మళ్లడం తరచుగా చూస్తాం. ఊపిరితిత్తుల్లో బాక్టీరియా చేరకుండా యాంటీబయోటిక్ కూడా అవసరమవుతుంది. పూర్తిగా కోలుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుందని తెలిసే మొదలుపెట్టండి. ఒకే మనిషి రాత్రింబవళ్లు చేస్తే అలసి పొరపాట్లు చేస్తారు. ఇంట్లో వంతులు వేసుకోండి, మేత, పెంటికలు, ఉష్ణోగ్రత, బరువు ఒక పుస్తకంలో రాస్తూ ఉండండి. వైద్యురాలికి అన్ని మాటల కన్నా ఆ పుస్తకమే ఎక్కువ చెబుతుంది.

ప్రశ్న: (అదే ఉత్తరం నుంచి) రెండో కుందేలు ఇంతవరకు ఆరోగ్యంగానే ఉంది. రెండూ విడిచి ఉండలేవు. విడదీయాలా? దానికి ఇప్పుడు టీకా వేయించవచ్చా?

జవాబు: ఈ వైరస్ ముఖ్యంగా దోమల ద్వారా, ఒంటి మీద గెంతుతూ రక్తం పీల్చే ఫ్లీ పురుగుల ద్వారా వ్యాపిస్తుంది, కంటి పుసి, ముక్కు స్రావం అంటినా సోకవచ్చు. కాబట్టి ఒక గూటిలో ఉన్న రెండోదానికి వైరస్ ఇప్పటికే తగిలి ఉంటుందనే అనుకోవాలి. అయినా అది ఆరోగ్యంగా ఉన్నంతవరకు మధ్యలో జాలీ పెట్టి, ఒకదానికొకటి కనిపించేలా, వాసన తెలిసేలా పక్కపక్కనే ఉంచడం మంచిదని నా అభిప్రాయం. పూర్తిగా వేరే గదిలో పెడితే జబ్బుది బెంగతో మేత మానేసే ప్రమాదముంది. అలా జాలీ పెట్టినా తినడం మానేస్తే, వైద్యురాలితో చెప్పి మళ్లీ కలిపేయండి. ఈ ఒక్క సందర్భంలో అంటు భయం కన్నా ఆకలి భయమే పెద్దది.

ముందు ఆరోగ్యంగా ఉన్నదాని పనులు ముగించుకుని, తర్వాత జబ్బుదాని దగ్గరికి వెళ్లండి. కిటికీలకు దోమల జాలీ బిగించండి. రెండు వారాల పాటు ఆరోగ్యంగా ఉన్నదాని కనురెప్పలను రోజూ చూడండి. టీకా వేసిన తర్వాత రక్షణ ఏర్పడటానికి దాదాపు మూడు వారాలు పడుతుంది కనుక అది ఈ అంటును ఆపుతుందని అనుకోకండి, కానీ లక్షణాలేవీ లేకపోతే వేయించడం గురించి వైద్యురాలిని అడగండి. జబ్బుగా ఉన్నదానికి మాత్రం ఇప్పుడు టీకా వేయకూడదు.

ప్రశ్న: నిన్న రాత్రి బాగానే తిన్న మా కుందేలు ఉదయానికి చనిపోయి ఉంది. ముక్కు దగ్గర కొద్దిగా రక్తం కనిపించింది. గడ్డలు, వాపులు ఏమీ లేవు. ఇదీ మిక్సొమటోసిసేనా?

జవాబు: కాకపోవచ్చు. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే కుందేళ్ల రక్తస్రావ వ్యాధిని అనుమానించాలి. ఇది వేరే వైరస్, కాలిసివైరస్ కుటుంబానిది. 1984లో చైనాలో మొదటిసారి బయటపడింది. 2010లో ఫ్రాన్స్‌లో దీని రెండో రకం కనిపించి ఇతర దేశాలకు పాకింది. కాలేయాన్ని దెబ్బతీసి, రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టేలా చేసి, కొన్ని గంటల్లోనే ప్రాణం తీస్తుంది. సేవ చేయడానికి చాలాసార్లు సమయమే ఉండదు. మొదటి రకం పసి కుందేలు పిల్లలను పెద్దగా బాధించదు, రెండోది వాటినీ వదలదు.

కళేబరాన్ని పూడ్చే ముందు పశువైద్యులను అడగండి. కాలేయ పరీక్షతో కారణం తేలుతుంది, ఇంకా కుందేళ్లుంటే అది తెలియడం అవసరం. చాలా దేశాల్లో ఈ వ్యాధి అనుమానం వచ్చినా అధికారులకు తెలియజేయాలన్న నిబంధన ఉంది. ఈ వైరస్ పొడి చోట మూడు నెలలకు పైగా బతకగలదు, చెప్పుల అడుగున, గడ్డి మోపులో, ఈగల కాళ్ల మీద ప్రయాణిస్తుంది. గూటిలో కుందేలు కింద పరిచిన గడ్డినీ గుడ్డలనూ కాల్చేయండి లేదా గట్టిగా మూట కట్టి పారవేయండి. గూటిని కడిగి, ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపిన ద్రావణంతో తడిపి, కనీసం పది నిమిషాలు అలాగే ఉంచండి. చెక్క గూటిలోకి వైరస్ ఇంకిపోతుంది కాబట్టి దాన్ని వదిలేయడమే మేలు. కొన్ని నెలలు గడిచాకే, అదీ టీకా పడిన కుందేలునే తెచ్చుకోండి.

ప్రశ్న: ఇంట్లో చిన్నపిల్లలున్నారు. జబ్బు కుందేలును ముట్టుకుంటే వాళ్లకు సోకుతుందా? కుక్కకు?

జవాబు: పైన చెప్పిన రెండు వైరస్‌లూ మనుషులకు గానీ, కుక్కలు, పిల్లులకు గానీ జబ్బు చేయవు. 1951లో ఆస్ట్రేలియాలో మెదడువాపు జ్వరాలు వచ్చినప్పుడు, అడవిలో వదిలిన మిక్సొమా వైరసే కారణమని జనం భయపడ్డారు. ఆ భయం పోగొట్టడానికి బర్నెట్, ఫెన్నర్, క్లూనీస్ రాస్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఆ వైరస్‌ను తమ ఒంట్లోకే ఎక్కించుకున్నారు, వారికేమీ కాలేదు. పిల్లలు చేతులు కడుక్కోవాలి, కానీ అది వాళ్ల కోసం కాదు, పక్కింటి కుందేలు కోసం.

ప్రశ్న: డాక్టరు దొరకడానికి రెండు రోజులు పట్టేలా ఉంది. ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్ కుందేలుకు పోయవచ్చా? ఫ్లీ పురుగులకు కుక్కకు వేసే మందు వేయవచ్చా?

జవాబు: రెండూ వద్దు. అమాక్సిసిలిన్, పెన్సిలిన్ వర్గపు మందులు, క్లిండామైసిన్, లింకోమైసిన్ నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లో మేలుచేసే బాక్టీరియా చచ్చి, విషాన్ని తయారుచేసే రకాలు పెరిగి, ఒక్కోసారి మూల జబ్బు కన్నా ముందే చంపుతాయి. ఫ్లీ మందుల్లో ఫిప్రోనిల్ ఉన్నది కుందేలుకు ప్రాణాంతకం. కుక్కల, పిల్లుల మందుల డబ్బాల మీద ఆ పేరు తరచుగా కనిపిస్తుంది. ఈ రెండు రోజులూ వెచ్చగా ఉంచి, కళ్లూ ముక్కూ తుడిచి, మొదటి జవాబులో చెప్పినట్టు సిరంజితో మేత పెట్టండి, నీళ్లు పట్టండి. అది తినడం పూర్తిగా మానేస్తే రెండు రోజులు ఆగకుండా, దూరమైనా సరే, మరో వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లండి.