పాత ఫొటోల్లో మగ్గం ఎక్కడ?

ప్రశ్న: పోచంపల్లి, పుట్టపాక వైపు పట్టు నేసే కుటుంబాల పాత ఫొటోలు సేకరిస్తున్నాను. ఎక్కడికెళ్లినా పెళ్లి ఫొటోలు, స్టూడియోలో దిగినవే చూపిస్తున్నారు. మగ్గం ఉన్న ఫొటో ఒక్కటీ దొరకలేదు. వీటితో నేత పని గురించి ఏం రాయగలను?

జవాబు: రోజూ చేసే పనికి డబ్బులిచ్చి ఫొటో ఎవరు తీయించుకుంటారు చెప్పండి? మగ్గం కోసం వెతకడం కాస్త పక్కన పెట్టి, ఆ పెళ్లి ఫొటోనే ఇంట్లో పెద్దావిడ చేతికిచ్చి, ఆమె ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి, "ఈ చీర మనింట్లో నేసిందేనా అమ్మమ్మా, చిటికి ఎవరు కట్టారు, ఆసు ఎవరు పోశారు?" అని అడిగి చూడండి (చిటికి అంటే రంగు అంటకుండా పోగుల మీద వేసే కట్లు, ఆసు అంటే పోగును మేకుల చుట్టూ తిప్పి పేర్చడం). మాట అక్కణ్నుంచి ఎటు పోతే అటు పోనివ్వండి, మధ్యలో మీ ప్రశ్నల కాగితం తియ్యకండి. మగ్గం మీద కూర్చున్నాయన్ని నేతగాడు అంటాం గానీ ఆసు పోసేది, కండెలు చుట్టేది ఎక్కువగా ఆడవాళ్లే, ఆ పని ఏ ఫొటోలోనూ ఉండదు. ఆసు పోయాలంటే ఒక్క చీరకు మేకుల చుట్టూ వేలసార్లు చెయ్యి తిప్పాలి. తల్లి లక్ష్మి ఆ పనితో పడే భుజం నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేసి ఆమె పేరే పెట్టారు (2017లో పద్మశ్రీ వచ్చింది ఆయనకే).

ఇంకో మాట. "ఇది ఏ సంవత్సరంలో తీశారు?" అని అడిగితే ఎవరైనా తడబడతారు. వినోబా భావే పోచంపల్లి వచ్చి భూదానం మొదలుపెట్టింది 1951 ఏప్రిల్‌లో, మల్లేశం యంత్రం తయారైంది 1999లో. "భూదానం నాటికి మీ పెళ్లయిందా?", "ఆసు మిషన్ ఇంటికొచ్చాక తీసిన ఫొటోనా, ముందుదా?" అంటే తేదీ దానంతటదే దగ్గరికొస్తుంది.

ప్రశ్న: గోడ మీది ఫ్రేములో ఫొటో అద్దానికి అతుక్కుపోయింది. ఆల్బమ్‌లు బయటికి ఇవ్వడానికి వాళ్లు భయపడుతున్నారు. కాపీ ఎలా తీసుకోవాలి?

జవాబు: భయపడటంలో న్యాయం ఉంది, తీసుకెళ్లినవాళ్లు తిరిగివ్వని ఇళ్లు ఎన్నో. అడగొద్దు, అక్కడే కాపీ తీసుకోండి. అతుక్కున్నదాన్ని పీకితే బొమ్మ అద్దానికే ఉండిపోతుంది, కాబట్టి అద్దం మీదుగానే ఫొటో తీయాలి. ఫ్లాష్ వద్దు, కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా చూసుకుని, మీ వెనకాల నల్లగుడ్డ పట్టుకోమంటే మీ ప్రతిబింబం పడదు. విడి ఫొటోలకు చిన్న స్కానర్ పట్టుకెళ్లి 600 డీపీఐలో టిఫ్ ఫైలుగా దాచుకోండి, వాట్సాప్‌లో పంపుకోవడానికి వేరే జేపెగ్ చాలు. వెనకవైపు కూడా స్కాన్ చేయండి, స్టూడియో ముద్ర, ఎవరో రాసిన పేరు అక్కడే ఉంటాయి. ఆ వెనకాల మీరు బాల్‌పెన్‌తో మాత్రం ఏమీ రాయకండి, ముందువైపు అచ్చు తేలుతుంది.

ప్రశ్న: అనుమతి పత్రం మీద సంతకం పెట్టించుకుంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. పుస్తకంలో వేయడానికి సరేనన్నవాళ్లు ఇంటర్నెట్‌లో పెట్టడానికి ఒప్పుకున్నట్టు కాదు, విడివిడిగా అడగాలి. చనిపోయినవాళ్లు, ఇంట్లోంచి విడిపోయినవాళ్లు ఉన్న ఫొటో అయితే ఇంకా నెమ్మదిగా. అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది డిజైన్ల దగ్గర. ఫొటో తీస్తూ పక్కనున్న, డిజైన్ గీసిన గ్రాఫ్ కాగితాన్నీ, చిటికి కట్టిన పోగుల్నీ దగ్గరగా తీసి ఇంటర్నెట్‌లో పెట్టేస్తే అదే డిజైన్ పవర్‌లూమ్ మీద దిగడానికి ఎంతోసేపు పట్టదు. జీఐ (భౌగోళిక గుర్తింపు) ఉన్నది పోచంపల్లి ఇకత్ (పోగులకు ముందే చిటికి కట్టి రంగులద్ది నేసే నేత) అన్న పేరుకు గానీ, ఫలానా ఇంటివాళ్లు కొత్తగా గీసుకున్న గ్రాఫ్‌కి కాదు. ఆ చీరలు అమ్ముడుపోయేదాకా ఆ ఫొటోలు మీ దగ్గరే ఉంచుకోండి.