క్విజ్ కోసం స్నేహితుణ్ణి మార్చాలా?

కావలి నుంచి ఒక అమ్మ రాశారు: "మా అబ్బాయి బీకాం రెండో సంవత్సరం. స్నేహితుడితో కలిసి రిజర్వ్ బ్యాంక్ క్విజ్ లాంటి పోటీలకని రోజూ పేపర్లు ముందేసుకుని కూర్చుంటాడు. అసలు జాతీయ స్థాయికి ఎలా వెళ్తారు? ఆ స్నేహితుడికి మార్కులు తక్కువ. అతని బదులు క్లాస్ టాపర్‌ని పెట్టుకోమనాలా? లేక ఇదంతా మాన్పించి హైదరాబాద్‌లో డేటా సైన్స్ కోర్సులో చేర్చాలా?"

అమ్మా, మీరు అడిగినవి మూడైనా మీ భయం ఒక్కటే. బీకాం చదివినవాడికి రేపు దారేది అని. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ఎందరో తల్లిదండ్రులు నన్ను ఇదే అడిగారు. ముందు ఆ టెన్షన్ తగ్గించుకోండి. పేపరు చదివే పిల్లవాడు చెడిపోవడం లేదు.

జాతీయ స్థాయి సంగతి చెబుతాను. రిజర్వ్ బ్యాంక్ తన 90వ ఏడు సందర్భంగా 2024లో డిగ్రీ విద్యార్థులకు క్విజ్ పెట్టింది. ఇద్దరు కలిస్తే ఒక జట్టు. మొదట ఆన్‌లైన్ రౌండు, అందులో ముందున్నవాళ్లకు రాష్ట్ర స్థాయి, అక్కడ నెగ్గితే జోనల్, ఆ తర్వాత ముంబైలో ఫైనల్. మొదటి బహుమతి 10 లక్షలు. ప్రశ్నలు ఎక్కువగా జనరల్ నాలెడ్జ్ మీదే.

ఇక జోడీ మాట. ఇక్కడ మిమ్మల్ని కాస్త కోప్పడాలి. క్విజ్ జట్టంటే ఇద్దరు టాపర్లు కాదు. ఒకడికి రాని చోట రెండోవాడికి రావాలి. మీవాడికి బ్యాంకింగ్, ఆర్థికం తెలిసి, ఆ అబ్బాయికి ఆటలు, చరిత్ర, సాహిత్యం తెలిస్తే అంతకన్నా మంచి జట్టు ఉండదు. మన ఉదయగిరి చెక్క చెంచాలకు జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి ప్రత్యేక వస్తువనే భౌగోళిక గుర్తింపు ఉందని పాఠ్యపుస్తకం బట్టీపట్టినవాడికి తెలియకపోవచ్చు, చుట్టూ చూసేవాడికి తెలుస్తుంది. మార్కులు చూసి పిల్లల స్నేహాన్ని తూచకండి. మీరు ఆ మాట అన్నారని తెలిస్తే ఆ అబ్బాయి మీ గడప తొక్కడు, మీవాడు మీతో మనసు విప్పడు.

డేటా సైన్స్ గురించి నాకున్న అనుమానాలు దాచను. అది చెడ్డ చదువు కాదు. లెక్కలు, స్టాటిస్టిక్స్ ఇష్టంగా చేసేవాళ్లు అందులో బాగా రాణిస్తారు. కానీ ఆరు నెలల్లో ఉద్యోగం గ్యారంటీ అనే బోర్డు చూసి, అప్పు చేసి చేరి, కోడింగ్ అంటే భయపడి తిరిగొచ్చిన పిల్లలు నా ముందు కూర్చుని ఏడ్చారు. మీ ఉత్తరంలో మీవాడికి అది ఇష్టమన్న మాట ఒక్కటీ లేదు. ముందు కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్‌లో నడిపే 'స్వయం' పోర్టల్‌లో ఏదైనా ఉచిత కోర్సు పూర్తి చేయమనండి. నచ్చితే అప్పుడు ఆలోచిద్దాం.

క్విజ్ ఉద్యోగం ఇస్తుందా అంటే, నేరుగా ఇవ్వదు. కానీ ఆ చదువు వృథా పోదు. రిజర్వ్ బ్యాంక్ గ్రేడ్ బి ఆఫీసర్ పరీక్ష మొదటి దశలో 200 మార్కులుంటే, జనరల్ అవేర్‌నెస్‌కే 80. అయితే ఆ పరీక్ష రాయాలంటే జనరల్ అభ్యర్థులకు డిగ్రీలో 60 శాతం ఉండాలి. కాబట్టి సెమిస్టరు పరీక్షలకు నెల ముందు క్విజ్ పేపర్లు పక్కన పెట్టాలి. ఈ ఒక్క విషయంలో మాత్రం మీరు గట్టిగా ఉండండి.

అడ్వాన్సు కట్టమని కోర్సు వాళ్లు ఫోన్ చేస్తే, నాలుగో సెమిస్టరు పరీక్షలయ్యాక చెబుతామనండి.